ఇగువాసూ జలపాతం, దాని చుట్టూ ఉన్న అడవి: తరచుగా అడిగే ప్రశ్నలు

అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులో ఉన్న ఇగువాసూకి వీపున బ్యాగు వేసుకుని సొంతంగా వెళ్లాలనుకునే తెలుగువాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. వీసా, బస్సు, భోజనం గురించి అందరూ అడుగుతారు. అడవి గురించి, అందులోని జంతువుల గురించి అడిగేవాళ్లు తక్కువ. నా మట్టుకు నాకు అక్కడి నీళ్లూ అడవీ విడదీసి చూసేవి కావు. అందుకే జంతువుల జవాబులు కాస్త పొడుగ్గానే ఉంటాయి.

ఇగువాసూ ఒకటే జలపాతమా?

కాదు. ఇగువాసూ నది సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున్న రాతి అంచు దగ్గర చీలిపోయి, వందల ధారలుగా కిందికి దూకుతుంది. సాధారణంగా 275 అని చెబుతారు. నీటిమట్టాన్ని బట్టి ఈ సంఖ్య 150 నుంచి 300 మధ్య మారుతూ ఉంటుంది. అన్నిటిలోకీ పెద్దది గార్గంతా దెల్ డియాబ్లో, అంటే దయ్యం గొంతు. ఎత్తు 80 మీటర్లకు పైమాటే. మూడు వైపుల నుంచీ నీళ్లు ఒకే గోతిలోకి పడతాయి. అడుగు కనపడదు, తుంపర పైకి లేస్తూ ఉంటుంది.

ఇక్కడి రాయి బసాల్ట్. 13 కోట్ల ఏళ్ల కిందట లావా పొరమీద పొరగా పారి గట్టిపడింది. చాలా ధారలు ఒక్కసారిగా కిందికి పడకుండా మెట్టు మీద పడి, మళ్లీ అక్కడి నుంచి దూకడానికి కారణం ఆ పొరలే.

నీళ్లు ఎంత ఉంటాయి?

సగటున సెకనుకు 1,500 క్యూబిక్ మీటర్లకు పైగా, అంటే మన లెక్కలో 53 వేల క్యూసెక్కుల పైన. 2014 జూన్ వరదలో ఇది 45,700 క్యూబిక్ మీటర్లకు చేరింది. దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద వార్తలు చూసేవాళ్లకు ఆ అంకె ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇక కరువు వచ్చిన సంవత్సరాల్లో రాళ్లు బయటపడి ధారలు సన్నబడిపోతాయి. పైన బ్రెజిల్‌లో ఇదే నది మీద వరసగా జలవిద్యుత్ డ్యాములున్నాయి. వాటి గేట్ల ప్రభావం కూడా ప్రవాహం మీద ఉంటుంది. వెళ్లే ముందు వారం రోజుల వార్తలు చూసుకోండి.

అర్జెంటీనా వైపు చూడాలా, బ్రెజిల్ వైపు చూడాలా?

వీలైతే రెండూ. జలపాతాల్లో ఎక్కువ భాగం, సుమారు 80 శాతం, అర్జెంటీనా భూభాగంలో ఉన్నాయి. అక్కడ మీరు నీళ్ల పైన, పక్కన, కింద నడుస్తారు. బ్రెజిల్ వైపు నుంచి ఎదురుగా నిలబడి మొత్తం వరసను ఒక్క చూపులో చూడొచ్చు. బ్రెజిల్ వైపు నడక దాదాపు 1.2 కిలోమీటర్లే. చివర్లో నది మీదికి వేసిన వంతెన మిమ్మల్ని గార్గంతా కింది భాగానికి బాగా దగ్గరగా తీసుకెళ్తుంది, అక్కడ తడవకుండా వచ్చినవాళ్లు ఉండరు.

ఒక్కదానికే వీసా, ఒక్కదానికే టైము ఉంటే మాత్రం నేను అర్జెంటీనా వైపే చెబుతాను. నడవడానికి ఎక్కువ దారులున్నాయి, అడవిలో నిదానంగా గడిపే వీలుంది. రెండూ చూసేవాళ్లు బ్రెజిల్ వైపు ముందు చూసి తర్వాత అర్జెంటీనా వెళ్తే బాగుంటుంది. దూరం నుంచి చూసిన ధారల పక్కనే మర్నాడు నిలబడితే, ఏది ఎక్కడుందో బాగా తెలుస్తుంది.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ప్యాకేజీ టూర్లలో ఒక రోజు, మహా అయితే రోజున్నర ఇస్తారు. నీళ్లు చూడ్డానికి అది సరిపోవచ్చు, జంతువులకు చాలదు. బ్రెజిల్ వైపు ఒక పూట, అర్జెంటీనా వైపు రెండు పూర్తి రోజులు పెట్టుకోండి. అర్జెంటీనా పార్కులో రెండో రోజు టికెట్ మీద తగ్గింపు ఇస్తుంటారు. దానికోసం మొదటి రోజు బయటికొచ్చే ముందే గేటు దగ్గర టికెట్ నమోదు చేయించుకోవాలి, బయటికొచ్చాక కుదరదు. ఈ తగ్గింపు నిబంధన, టికెట్ ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి పార్కు వెబ్‌సైట్‌లో చూసి వెళ్లండి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

అక్కడ మన ఋతువులు తిరగబడి ఉంటాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎండాకాలం: ఉక్క, 30 డిగ్రీలు దాటిన వేడి, సాయంత్రం ఉరుములతో వాన. జూన్, జులై, ఆగస్టుల్లో చలి, ముఖ్యంగా రాత్రిళ్లు. తడిసిన బట్టలతో వణుకు పుడుతుంది. వాన ఏడాది పొడవునా పడుతుంది. జనవరి, ఈస్టర్ వారం, జులై సెలవుల్లో అర్జెంటీనా వాళ్లే పెద్ద సంఖ్యలో వస్తారు. అప్పుడు వంతెనల మీద క్యూ కట్టాల్సి వస్తుంది, జంతువులూ దూరంగా పోతాయి. ఏప్రిల్, మే, ఆగస్టు చివర, సెప్టెంబర్ నెలలు నాకు నచ్చినవి. సీతాకోకచిలుకలే ముఖ్యమనుకుంటే మాత్రం వేడి నెలలే మంచివి.

వీసా సంగతేమిటి?

భారత పాస్‌పోర్టుకు బ్రెజిల్ వీసా తప్పనిసరి. అర్జెంటీనాకూ అనుమతి కావాలి, అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా టూరిస్ట్ వీసా ఉన్నవాళ్లకు సడలింపు ఇస్తున్నారు. ఎంబసీ వెబ్‌సైట్‌లో ఆ వారం ఉన్న నిబంధనే నమ్మండి, తెలిసినవాళ్లు వెళ్లొచ్చిన అనుభవం మీద టికెట్లు కొనొద్దు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు అర్జెంటీనాకు వీసా లేకుండా వెళ్లొచ్చు, కానీ 2025 ఏప్రిల్ నుంచి బ్రెజిల్ దేశం వీళ్లను కూడా వీసా అడుగుతోంది. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది.

మధ్యలో ఒక పూట అవతలి దేశం చూసి మళ్లీ ఇవతలికి వచ్చే ఆలోచన ఉంటే, మీ వీసా ఎన్నిసార్లు ప్రవేశానికి పనికొస్తుందో బయల్దేరే ముందే చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా నిజంగా కావాలా?

కావాలి. రెండు కారణాలు. ఒకటి, ఇగువాసూ చుట్టుపక్కల అడవులు ఎల్లో ఫీవర్ ఉండే ప్రాంతం, అది దోమల ద్వారా వస్తుంది, ప్రాణం తీయగలదు. రెండోది మనవాళ్లు మర్చిపోయేది: తిరుగు ప్రయాణం. అర్జెంటీనా, బ్రెజిల్ రెండూ భారత ప్రభుత్వం ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి. ఆ దేశాల నుంచి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపొచ్చు.

టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. కాబట్టి బయల్దేరే ముందు వారం పరుగులు పెడితే లాభం లేదు. ఒక్క డోసు జీవితాంతం పనికొస్తుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివి. ఏ రోజుల్లో వేస్తారో ముందుగా కనుక్కుని, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి. 60 దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేయించుకోకూడదు, ఎందుకంటే ఇది సజీవ వైరస్‌తో చేసిన టీకా. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపురంగు కార్డు పోగొట్టుకోకండి. ఫోన్‌లో ఫోటో ఉన్నా, అసలు కాగితం పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి.

అక్కడికి ఎలా చేరుకోవాలి?

అర్జెంటీనా వైపు ఊరు ప్వెర్తో ఇగువాసూ, బ్రెజిల్ వైపు ఫోజ్ దో ఇగువాసూ. బ్వేనోస్ ఐరెస్ నుంచి విమానంలో రెండు గంటలలోపే. బస్సులో అయితే రెతీరో బస్టాండ్ నుంచి 16 నుంచి 18 గంటలు. అర్జెంటీనా దూరప్రయాణ బస్సుల్లో కామా అనే తరగతిలో సీటు దాదాపు పడుకునేంత వెనక్కి వాలుతుంది, ఒక రాత్రి హాస్టల్ ఖర్చు కలిసొస్తుంది. సావో పాలో నుంచి ఫోజ్‌కి విమానం రెండు గంటల లోపు, బస్సు ఒక రాత్రీ పొద్దున్నా.

ప్వెర్తో ఇగువాసూ బస్టాండ్ నుంచి పార్కు గేటుకు రోజంతా బస్సులు తిరుగుతుంటాయి, దూరం 18 కిలోమీటర్ల లోపు. ఫోజ్‌లో సిటీ టెర్మినల్ నుంచి 120 నంబర్ బస్సు విమానాశ్రయం మీదుగా పార్కుకు వెళ్తుంది. టాక్సీ అవసరం లేదు.

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి లోకల్ బస్సులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, చవక కూడా. కానీ ఒక జాగ్రత్త. తాంక్రెదో నెవెస్ వంతెన దాటే లోకల్ బస్సు అర్జెంటీనా చెక్‌పోస్టు దగ్గర అందరినీ దింపుతుంది. బ్రెజిల్ చెక్‌పోస్టు దగ్గర చాలాసార్లు ఆగదు, ఎందుకంటే ఎక్కువమంది ప్రయాణికులు ఆ చుట్టుపక్కల వాళ్లే. మీరు డ్రైవర్‌కి ముందే చెప్పి దిగి, స్టాంపు వేయించుకుని, తర్వాత వచ్చే బస్సు ఎక్కాలి. ఒక పూటకే కదా అని వదిలేస్తే, రేపు సావో పాలో విమానాశ్రయంలో ప్రవేశం స్టాంపు ఏదని అడుగుతారు. భాష రాకపోతే టెన్షన్ పడక్కర్లేదు, పాస్‌పోర్టు చూపించి ‘ఇమిగ్రసావ్’ అంటే చాలు.

అర్జెంటీనా పార్కులో ముందు ఏ దారి పట్టుకోవాలి?

గేటు ఎనిమిదింటికి తెరుస్తారు. ఆ టైముకే అక్కడుండండి. లోపల చిన్న రైలు ఉంది, దాని చివరి స్టేషన్ గార్గంతా. అక్కడ దిగి నది మీద 1.1 కిలోమీటర్ల ఇనుప వంతెన మీద నడిస్తే గార్గంతా అంచుకు చేరతారు. అందరూ ముందు అక్కడికే పరుగెడతారు. నా సలహా వేరు. మొదటి రోజు పొద్దున్నే కింది సర్క్యూట్, అంటే ధారల కింది వైపుగా సాగే నడక దారి, పట్టుకోండి. జనం వచ్చేలోపు ఆ దారి పక్క చెట్ల మీద పక్షులు, నేల మీద అగౌటీలు అనే ఎలుక జాతి జంతువులు కనిపిస్తాయి. తర్వాత పై సర్క్యూట్. గార్గంతాకు మధ్యాహ్నం, టూర్ బస్సులు వెనక్కి తిరిగాక వెళ్లండి. రెండో రోజు పొద్దున మకుకో దారికి వదిలేయండి.

మకుకో అంటే అడవిలోకి మూడున్నర కిలోమీటర్లు వెళ్లే మట్టి బాట. సిమెంటూ లేదు, ఇనుప కటకటాలూ లేవు. చివర అరేచేయా అనే చిన్న జలపాతం ఉంటుంది. దీనికి వేరే టికెట్ లేదు, మధ్యాహ్నం తర్వాత మాత్రం లోపలికి పంపరు. పార్కుకు వచ్చేవాళ్లలో ఈ దారి పట్టేవాళ్లు కొద్దిమందే. బాట మీద ఒకచోట ఆగి పది నిమిషాలు కదలకుండా నిలబడండి. ముందు ఆకుల చప్పుడు వస్తుంది, తర్వాత కొమ్మలు ఊగుతాయి, తర్వాత కపుచిన్ కోతులు కనిపిస్తాయి. ఎర్ర టోపీ పెట్టినట్టుండే నీలిరంగు మనాకిన్ పిట్టల మగవి ఇక్కడే గుంపుగా చేరి ఆడపిట్ట ముందు వరసగా గెంతుతాయి. ఇది చూసినవాళ్లకు గార్గంతా కంటే ఇదే గుర్తుండిపోయిందంటే నేను నమ్ముతాను.

గార్గంతా వంతెన మూసేస్తారని విన్నాం, నిజమా?

వరదలప్పుడు మూస్తారు. 2014 జూన్‌లోనూ, 2023 అక్టోబర్‌లోనూ వరద వంతెనను దెబ్బతీసింది. బాగుచేసే వరకు మూసే ఉంచారు. మీరు వెళ్లే నెలలో తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉన్నా ప్రయాణం మానుకోకండి. బ్రెజిల్ వైపు వంతెన నుంచి గార్గంతా కనిపిస్తుంది, పై సర్క్యూట్ చివర సాన్ మార్తీన్ ధార ఒక్కటే చాలు గంటసేపు కూర్చోబెట్టడానికి.

ముక్కు పొడుగ్గా, తోక నిలబెట్టుకుని తిరిగే జంతువు ఏమిటి? దానికి భయపడాలా?

కోవాటీ. బ్రెజిల్ వైపు క్వాచీ అంటారు. రకూన్ కుటుంబానికి చెందింది. ఆడవీ, పిల్లలూ కలిసి గుంపులుగా తిరుగుతాయి, పెద్ద మగవి ఎక్కువగా ఒంటరిగా ఉంటాయి. చారల తోకను నిలువుగా పైకెత్తి నడుస్తాయి, గడ్డిలో ఒకదానికొకటి కనపడడానికి. ముక్కు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఎండుటాకుల్లో ముక్కు దూర్చి వాసన పట్టి, ముందు కాళ్ల పొడుగు గోళ్లతో మట్టి తవ్వి పురుగులు తీస్తాయి. చెట్టు దిగేటప్పుడు మడమ వెనక్కి తిప్పుకుని తల కిందికి పెట్టి దిగుతాయి. నిలబడి చూడదగ్గ పని అది.

వాటికవి మన మీదికి రావు. సమస్య అంతా తిండి దగ్గరే. తిరుమలలో, శ్రీశైలంలో ప్రసాదం కవరు పట్టుకుని నడిచినవాళ్లకు కోతులతో ఏం జరుగుతుందో ఇక్కడ కోవాటీతో అదే జరుగుతుంది. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినగానే నాలుగు వైపుల నుంచీ వస్తాయి. బల్లెక్కుతాయి, బ్యాగు జిప్పు దగ్గర గోళ్లు పెడతాయి. చేతిలోది లాక్కునే ప్రయత్నంలో గీరుతాయి, కొరుకుతాయి. పార్కులో రక్తం కారుతున్న చేతుల ఫోటోలతో బోర్డులు పెట్టింది ఊరికే కాదు.

మూడు మాటలు చెబుతాను. తిండి బయటికి తీయకండి, తినాలంటే మూసి ఉన్న హోటల్లో కూర్చుని తినండి. కోవాటీ మీ చేతిలోది పట్టుకుంటే వదిలేయండి, లాగొద్దు. ఫోటో కోసం బిస్కెట్ ముక్క చూపించేవాళ్లుంటారు, మీ పక్కనున్న పిల్లలు ఆ పని చేస్తుంటే ఆపండి. మనుషుల తిండికి అలవాటు పడ్డ కోవాటీ అడవిలో వెతుక్కోవడం తగ్గించి రోజంతా జనం మధ్యే ఉంటుంది. ఒకరు పెట్టిన చిప్స్‌కి తర్వాత వచ్చిన పిల్లాడు గాటు తింటాడు, చివరికి చెడ్డపేరు ఆ జంతువుకొస్తుంది. నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది.

కోవాటీ గాని కోతి గాని కరిస్తే?

వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. పార్కులో ప్రథమ చికిత్స ఉంది, అక్కడికి వెళ్లండి. ఆ రోజే డాక్టర్‌కి చూపించి రేబిస్ టీకా అడగండి. చిన్న గీరుడే అని ఊరుకోకండి. ప్రయాణం ముందుకు సాగినా మిగిలిన డోసులు టైముకు వేయించుకోవాలి. ప్రయాణ బీమాలో ఇది ఉండేలా చూసుకోండి.

నీళ్ల లోపలికి దూసుకుపోయే పక్షులున్నాయంటారు, ఎక్కడ చూడాలి?

అవి గ్రేట్ డస్కీ స్విఫ్ట్‌లు. అక్కడివాళ్లు వెన్సెహో అంటారు. అర్జెంటీనా పార్కు గుర్తు కూడా ఇదే పక్షి. మసక గోధుమరంగు, కొడవలి ఆకారం రెక్కలు. దూరం నుంచి చూస్తే ఏ ప్రత్యేకతా ఉండదు.

సాయంత్రం గార్గంతా దగ్గర కటకటాలకు ఆనుకుని, నీళ్లను కాకుండా నీళ్ల ముందున్న గాలిని చూడండి. మొదట తుంపరలో నల్లటి చుక్కలు తిరుగుతుంటాయి. ఒక పిట్ట గుంపు నుంచి విడిపోయి తిన్నగా జలధార వైపు వస్తుంది. గుద్దుకుంటుందేమో అనిపించే వేగం. ధార ఒకచోట పల్చబడిన క్షణంలో రెక్కలు ముడిచి లోపలికి వెళ్లిపోతుంది. కళ్లు అక్కడే పెట్టి ఉంచితే నీటి తెర వెనక తడి రాతిని పట్టుకుని వేలాడుతున్న పక్షులు పదులకొద్దీ కనిపిస్తాయి. గూడు కూడా ఆ రాళ్లకే, నాచుతో కడతాయి. ఏ గద్దా ఆ నీళ్లలోంచి లోపలికి రాలేదు. పగలంతా పురుగుల కోసం ఆకాశంలోనే తిరుగుతాయి కాబట్టి వేరే టైములో దగ్గరగా చూడ్డం కష్టం. చిన్న బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, ఈ ఒక్క దృశ్యానికే ఆ బరువు మోయొచ్చు.

సీతాకోకచిలుకలు చేతి మీద వాలతాయంటే నిజమేనా?

నిజమే. వాటికి మన చెమటలోని ఉప్పు కావాలి. చెయ్యి కదలకుండా పెడితే వచ్చి వాలి, సన్నని తొండం చాపి చర్మం మీద తడి పీలుస్తాయి. కొంచెం చక్కిలిగిలి తప్ప నొప్పి ఉండదు. వాటిలో ఒకటి 88 సీతాకోకచిలుక. రెక్కలు మూసినప్పుడు అడుగున తెలుపు మీద నల్ల గీతలతో 88 అంకె అచ్చు వేసినట్టు ఉంటుంది. తెరిస్తే పైన నలుపు, మధ్యలో నీలి మెరుపు. వేళ్లతో పట్టుకోకండి, రెక్కల మీది పొడి రాలిపోతుంది. చేతికి దోమల మందు పూసుకుని ఉంటే అవి వాలే ముందు తుడిచేసుకోవడం మంచిది.

టూకన్ కనిపిస్తుందా?

పొద్దున్నే వెళ్తే చాలామందికి కనిపిస్తుంది. నారింజరంగు పెద్ద ముక్కున్న టోకో టూకన్‌ది పండ్లున్న చెట్ల మీద కూర్చునే అలవాటు. ఆ ముక్కు చూడ్డానికి బరువుగా ఉన్నా లోపల బోలుగా, తేలిగ్గా ఉంటుంది. ఒళ్లు వేడెక్కినప్పుడు రక్తాన్ని ముక్కులోకి పంపి చల్లబరుచుకుంటుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. అడవిలో కనపడకపోతే బ్రెజిల్ గేటు ఎదురుగా ఉన్న పార్కే దాస్ అవేస్ పక్షుల పార్కులో దగ్గరగా చూడొచ్చు. అక్కడి పక్షుల్లో చాలావరకు దొంగ వ్యాపారుల నుంచి పట్టుకున్నవీ, గాయపడి వచ్చినవీ. అందుకని ఆ టికెట్ డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

జాగ్వార్ ఎదురైతే?

దాదాపు ఎదురుకాదు. ఇగువాసూ రెండు పార్కులూ, వాటిని ఆనుకుని ఉన్న అడవులూ కలిపినా జాగ్వార్లు వంద అటూఇటూగా ఉంటాయి. అవి జనం తిరిగే టైములో వంతెనల దగ్గరికి సాధారణంగా రావు. ఒకప్పుడు బ్రెజిల్ అట్లాంటిక్ తీరం నుంచి ఇక్కడి దాకా పరుచుకున్న అట్లాంటిక్ అడవిలో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే. ఈ రెండు పార్కులూ ఆ మిగిలిన ముక్కల్లో పెద్దవి. అడవిని చీలుస్తూ బ్రెజిల్ పార్కులో వేసిన కొలోనో రోడ్డు వల్లే 1999లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది. రోడ్డు మూశాక 2001లో తీసేసింది. పార్కు రోడ్ల మీద జంతువులు వాహనాల కింద పడి చనిపోతున్నాయి. టాక్సీ ఎక్కితే నెమ్మదిగా పొమ్మని మీరు అడగొచ్చు. జాగ్వార్ మీకు కనపడకపోయినా, మీ వల్ల దానికి జరిగే మేలు అది.

పాములు, దోమలు?

యరారా అనే విషసర్పం ఉంది, ఇనుప వంతెనల మీద కనపడడం అరుదు. మకుకో లాంటి మట్టి దారిలో మాత్రం బూట్లు వేసుకోండి, చెయ్యి పెట్టేముందు చూడండి. అసలు జాగ్రత్త దోమలతో. డెంగీ ఆ ప్రాంతంలో తరచూ వస్తుంటుంది. పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి.

బోటు ఎక్కాలా?

రెండు వైపులా ధార కిందికి తీసుకెళ్లే బోట్లున్నాయి. ఒళ్లంతా తడుస్తుంది, కేకలు, సరదా. డబ్బు చేతినిండా ఉంటే ఎక్కండి. బడ్జెట్ గట్టిగా ఉంటే ఆ డబ్బుతో ఇంకొక రోజు ఉండండి, లేదా పౌర్ణమి నడకకు వెళ్లండి. అర్జెంటీనా వైపు పౌర్ణమికి అటూఇటూగా మొత్తం ఐదు రాత్రులు గార్గంతాకు తీసుకెళ్తారు, సీట్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి.

శాకాహారులు ఏం తినాలి?

చిపా అడగండి. కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చిన చిన్న రొట్టె, బస్టాండ్‌లోనే వేడిగా దొరుకుతుంది. ఎంపనాదాల్లో హుమీతా అంటే మొక్కజొన్న, చీజ్-ఉల్లిపాయది కూడా ఉంటుంది. ఫోజ్‌లో ఇంకా సుఖం. తూకం వేసి అమ్మే భోజన హోటళ్లలో అన్నం, చిక్కుడు గింజలు, కూరగాయలు మీరే పెట్టుకోవచ్చు. గింజల్లో మాంసం వేశారేమో అడిగి మరీ పెట్టుకోండి. ఫోజ్‌లో లెబనాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది, వాళ్ల ఫలాఫెల్, హమ్మస్ కడుపు నింపుతాయి. పార్కు లోపల తిండి ఖరీదెక్కువ, కోవాటీల వల్ల బయట కూర్చుని తినడమూ కష్టం. పొద్దున బాగా తిని వెళ్లండి, నీళ్ల సీసా ఉంచుకోండి.

అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

నిస్సందేహంగా. బ్రెజిల్ వైపు బస్సు, చివర్లో లిఫ్టు ఉన్నాయి. అర్జెంటీనా వైపు రైలు, చదునైన వంతెనలున్నాయి, పై సర్క్యూట్‌లో మెట్లు దాదాపు లేవు. కింది సర్క్యూట్‌లో మెట్లుంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని వదిలేయొచ్చు.

అక్కడి ఆదివాసులు గ్వారానీ వాళ్ల గురించి చెప్పండి.

ఈ నది, ఈ అడవి ముందు నుంచీ వాళ్లవి. స్పానిష్ వాడు అల్వార్ నూన్యెస్ కబేసా దే వాకా ఇక్కడికి వచ్చింది 1540ల మొదట్లో, అదీ గ్వారానీల సాయంతో నడిచి. జలపాతం ఎలా పుట్టిందో వాళ్ల కథ ఒకటుంది. సర్పదేవుడు ఎంబోయికి ఇవ్వాల్సిన నైపీ అనే అమ్మాయిని తరోబా పడవలో తీసుకుని పారిపోతుంటే, కోపంతో ఆ సర్పం నది అడుగును చీల్చేసిందట.

ఎంబ్యా గ్వారానీ కుటుంబాలు ఇప్పటికీ చుట్టుపక్కల ఉన్నాయి. పార్కులో నేల మీద గుడ్డ పరిచి చెక్కతో చేసిన కోవాటీ, టూకన్, జాగ్వార్ బొమ్మలు అమ్ముతారు. కత్తి గీత, కాల్చిన నలుపు మచ్చ చెక్క మీద తెలుస్తూ ఉంటాయి. ఫ్రిజ్ మాగ్నెట్ కంటే అవే కొనండి, బేరం ఆడకండి. అడక్కుండా ఫోటో తీయొద్దు.

దగ్గర్లో ఇంకేమైనా చూడాలా?

ఫోజ్ నుంచి 20 కిలోమీటర్ల లోపు ఇతైపూ డ్యామ్ ఉంది, పరానా నది మీద, 14,000 మెగావాట్లు. చైనాలో త్రీ గోర్జెస్ డ్యామ్ వచ్చేదాకా ప్రపంచంలో అదే పెద్ద జలవిద్యుత్ కేంద్రం. దాని జలాశయం నిండినప్పుడు, 1982లో, గ్వాయ్‌రా అనే మహా జలపాతం పూర్తిగా మునిగిపోయింది. నీటి పరిమాణంలో అది ఇగువాసూ కంటే చాలా పెద్దది. ఇగువాసూ బతికి ఉండడం తనకు తానుగా జరిగిపోయింది కాదు. 1916లో, విమానాలు తయారుచేసి ఎగిరిన తొలివాళ్లలో ఒకడైన శాంతోస్ దుమోంత్ ఇక్కడికొచ్చి, ఆ స్థలం ఒక ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉందని తెలిసి, ప్రభుత్వం తీసుకునేలా పట్టుబట్టాడు. అర్జెంటీనా పార్కు 1934లో, బ్రెజిల్ పార్కు 1939లో ఏర్పడ్డాయి. బ్రెజిల్ వైపు ఆయన విగ్రహం ఉంది, దాని ముందు నుంచి అందరూ వెళ్లిపోతుంటారు, ఒక నిమిషం ఆగండి.

పెద్ద బ్యాగు ఎక్కడ పెట్టాలి? చేతిలో ఏం ఉండాలి?

పెద్ద బ్యాగు హాస్టల్‌లో గాని బస్టాండ్‌లో గాని వదిలేయండి, రెండు పార్కుల గేట్ల దగ్గరా లాకర్లున్నాయి. చేతిలో చిన్న బ్యాగు: ఫోను, పాస్‌పోర్టు, ఎల్లో కార్డు పెట్టిన జిప్ కవరు, రెయిన్‌కోటు, ఆరిన చొక్కా ఒకటి, లెన్స్ తుడుచుకునే గుడ్డ, నీళ్లు. గొడుగు వద్దు, వంతెన మీద పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకుంటుంది. తిండి తీసుకెళ్లక తప్పకపోతే వాసన రాని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, బ్యాగు అడుగున పెట్టండి.